పగటి బల్బు కింద పెసరట్టు

నరసరావుపేట కోర్టు ఎదురుగా ఉన్న గోపాలకృష్ణయ్య హోటల్లో ఆ సాయంత్రం విషప్రయోగం జరిగింది. జరిగిందని ప్రమాణం చేసి చెప్పడానికి వీధి వీధంతా సిద్ధపడింది. వాళ్లలో సగంమంది అసలు హోటల్లో అడుగే పెట్టలేదు. కోర్టు ముందు సాక్షులకేం కొదవ?

విషం సంగతికి ముందు పెసరట్టు సంగతి చెప్పాలి.

వాగుపాలెంలో రెండు పార్టీలు. ఒకదానికి వెంకట్రామయ్య పెద్ద, రెండోదానికి సాంబశివరావు. మధ్యలో ఒక పొలం గట్టు. ఆ గట్టు మీద నడుస్తున్న దావాకి పెళ్లి చేస్తే ఈపాటికి పిల్లలు పుట్టేవాళ్లు. ఇద్దరికీ మాటల్లేవు, చూపుల్లేవు. ఒకచోట కూర్చుని ఒకరి మొహం ఒకరు చూస్తూ తిన్నారంటే రాజీకొచ్చినట్టే లెక్క. రాజీకొచ్చినవాడు మళ్లీ ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

కానీ ఇద్దరికీ లీలావతమ్మ వేసే పెసరట్టంటే ప్రాణం. ఆమె గోపాలకృష్ణయ్య భార్య. హోటల్ ఆమె చేతి మీద నడుస్తుంది, పేరు మాత్రం ఆయనది.

ఈ చిక్కుని ఇన్నేళ్లూ ఒక లాంతరు తీర్చింది. రాతిగోడల హోటల్, కిటికీ లేదు. మధ్య దూలానికి మసిబారిన చిమ్నీతో ఆ లాంతరు వేలాడేది. ఆ పచ్చటి మసక వెలుగులో ఆకు కనపడుతుంది, నోరు దొరుకుతుంది, పక్క బల్ల మీద మొహం మాత్రం తెలియదు. వాయిదా ముగిశాక ఇద్దరూ వీపులు ఆనించుకున్నంత దగ్గరగా కూర్చుని తినేవాళ్లు. బయట ఎవరైనా అడిగితే "ఆడు లోపలున్నాడా? నాకు కనపళ్లేదే!" అనేవాళ్లు. పరువూ నిలిచేది, కడుపూ నిండేది.

అంతలో పేటలోకి కరెంటు వచ్చింది.

గోపాలకృష్ణయ్య గుంటూరు వెళ్లి, కొట్లో ఉన్నవాటిలో పెద్ద బల్బు పట్టుకొచ్చాడు. నీలం గాజుది. "అచ్చం పగటి వెలుగు పంతులుగారూ" అన్నాడట అమ్మినవాడు. నిజమే. పగలంటే ఎవరికిష్టం?

బల్బు వెలిగింది. తింటున్నవాళ్లంతా కళ్లు చికిలించారు. తెరిచేసరికి అన్నీ కనపడ్డాయి. దూలం మీద బల్లి, సాంబారు గంగాళం అంచున నిన్నటి తెట్టు, ఎవరి చొక్కాకి ఎన్ని మాసికలున్నాయో అన్నీ. ముద్ద చేతిలో పట్టుకుని ఇదేం వెలుగురా అని వెనక్కి తిరిగిన వెంకట్రామయ్యకి, జానెడు దూరంలో, మూతికి పచ్చడి అంటించుకున్న సాంబశివరావు కనపడ్డాడు.

ఇద్దరూ లేచారు. వాళ్ల వెనక రెండు పార్టీలూ లేచాయి. అందరూ వీధి దాటి మీరా సాహెబ్ టీ కొట్లోకి పోయారు. అక్కడ మంచి మురికి లాంతరుంది.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రుబ్బిన పిండి పులిసి పొంగుతోంది.

"ఏమండీ, ఆ సూర్యుణ్ణి దించుతారా, హోటల్‌కి తాళం పెట్టి నన్ను మా పుట్టింటికి పంపుతారా?" అంది లీలావతమ్మ.

"ఏమే, కరెంటు పెట్టించి మళ్లీ లాంతరు వేలాడదీస్తే ఊరు నవ్వదా? వెలుగు తగ్గిస్తే సరిపోతుందిలే."

తగ్గించాడు. ఈసారి ముదురు నీలం గాజులో అతి చిన్న బల్బు తెచ్చి పెట్టాడు. టీతో ఎన్నాళ్లు బతుకుతారు? రెండు పార్టీలూ తిరిగొచ్చాయి. మసకగా ఉంది, మొహాలు ఆనడం లేదు. అంతా సుఖంగా కూర్చున్నారు.

వెంకట్రామయ్య సగం అట్టు తిన్నాక తన చెయ్యి చూసుకున్నాడు. గోళ్లు నీలం! అల్లం పచ్చడి తారులా ఉంది. పక్కనున్న బావమరిది పెదాలు బావిలోంచి తీసిన శవం పెదాల్లా ఉన్నాయి.

"ఒరేయ్, విషంరా!" ఒక్క దూకులో గోపాలకృష్ణయ్య మెడ పట్టుకున్నాడు. "ఏమాశ చూపించాడయ్యా నీకు ఆ సాంబశివరావు?"

సాంబశివరావు మొదట సంతోషించాడు. తర్వాత తన చెయ్యీ చూసుకున్నాడు.

"నా గోళ్లూ నీలంగానే ఉన్నాయి గదరా! పెట్టించింది నువ్వా?"

"నేను పెట్టిస్తే నేనెందుకు తింటాన్రా, బుద్ధిలేనోడా?"

"నీకుంటే గట్టు మీద దావా ఏస్తావా?"

అన్నేళ్ల తర్వాత వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలివి. మూలనున్న కర్రలు చేతుల్లోకొచ్చాయి. గోపాలకృష్ణయ్యకి గొంతు పెగలడం లేదు. మెడ ఇంకా వెంకట్రామయ్య పిడికిట్లోనే ఉంది.

వంటింట్లోంచి లీలావతమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది.

"ఎవరయ్యా నా పచ్చడిలో విషం ఉందన్నది? ఏదీ, నాలుక చాపండి."

వెంకట్రామయ్య చాపాడు. లాంతరు దగ్గరికి పెట్టింది. ఎర్రగా, ఆరోగ్యంగా, అల్లం ముక్కతో సహా కనపడింది. గోళ్లు కూడా మనుషుల గోళ్లలాగే ఉన్నాయి.

"మీరూ చాపండి అన్నయ్యగారూ."

సాంబశివరావూ చాపాడు. లాంతరుకి ఇటొకరు, అటొకరు, ఇద్దరు పార్టీ పెద్దలు నాలుకలు చాపి ఎదురెదురుగా నిలబడ్డారు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

పిడికిలి సడలింది. ఊపిరందిన గోపాలకృష్ణయ్యకి అసలు ప్రమాదం అప్పుడు తెలిసింది. విషం లేదు సరే. మళ్లీ మొహాలు చూసుకున్నారు! ఇంకో క్షణం ఆగితే ఇద్దరూ పోతారు, ఈసారి పోతే ఇక రారు. ఒక చేత్తో స్విచ్చి నొక్కాడు, లాంతరు మీదికి వంగి ఉఫ్ మని ఊదాడు.

కటిక చీకటి.

"ఎవరూ ఎవర్నీ చూళ్లేదు! కూర్చోండి!" అని అరిచాడు.

చీకట్లో ఒక బల్ల కిర్రుమంది. దాని వెనకే రెండోది. ఎటు నుంచో గొంతు వచ్చింది.

"ఇంకో అట్టు తే పంతులూ. అల్లం ఎక్కువెయ్యి."

మర్నాటికి పాత లాంతరు దూలానికెక్కింది. ఊరు నవ్వకుండా పెద్ద బల్బుని గోపాలకృష్ణయ్య గుమ్మం బయట, బోర్డు మీద వేలాడదీశాడు. దాని కిందనించి లోపలికొచ్చినవాడికి కాసేపు తన కాళ్లే కనపడవు.

వెంకట్రామయ్య కళ్లు నులుముకుంటూ వచ్చి, తడుముకుని కూర్చున్నాడు.

"చానా బాగుంది పంతులూ. ఏమీ కనపడట్లేదు."

వెనక బల్ల మీంచి ఒక చెయ్యి చాచుకుని వచ్చింది. "ఆ పచ్చడి గిన్నె ఇటు జరపండయ్యా, ఎవరోగానీ."

వెంకట్రామయ్య వెనక్కి తిరక్కుండానే గిన్నె అందించాడు.