నూట ఎనభై పైమాటే

స్టీవ్ హాలండ్‌కి ఈ ఆటలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉందని పట్టాభి చెప్పేసరికి బిందుమాధవి దోసె తిరగేస్తోంది. దోసె మాడలేదు. ఆమె చేతిలో దోసెలు అంత తేలిగ్గా మాడవు.

"ఎవరండీ ఆయన?" అంది.

"నీకు తెలీదులే. అమెరికాలో బేస్‌బాల్ నిపుణుడు. ఆయన ఒక అంకె చెప్పాడంటే రాసిపెట్టుకోవచ్చు."

రాసింది బిందుమాధవే. ఆ ముప్పై ఏళ్ళ అనుభవం కూడా ఆమె రాసిందే. మొదట ఇరవై అని రాసి, ఆ పేరు పక్కన వేసిన ఫొటోలో గడ్డం బాగా నెరిసి ఉందని ఇంకో పది కలిపింది.

గుంటూరులో స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చదివిన బిందుమాధవి రెండేళ్ళుగా ఒక విదేశీ వెబ్‌సైటుకి ఇంట్లో కూర్చునే ఆ పేరుతో రాస్తోంది. అక్కడ పందెం జట్టు గెలుపు మీద కాదు, ఒక్కో ఆటగాడి అంకె మీద. ఫలానా కుర్రాడు ఈ సీజన్‌లో ఎంతమందిని బంతి కొట్టనివ్వకుండా అవుట్ చేస్తాడో ఊహించి ఒక గీత గీస్తారు. గీతకి పైనా, కిందా అన్నదే పందెం. ఉగాదికి ముందు మనకి పంచాంగాలు వచ్చినట్టు, మార్చిలో వాళ్ళకి జట్టుకొకటి చొప్పున ఈ జోస్యాలు వస్తాయి. మన పంచాంగమే నయం, రాజపూజ్యం పక్కనే అవమానం కూడా ఎంతో వేస్తారు.

ఆమె చేసే పని పట్టాభి లెక్కలో 'ఏదో టైపింగ్'. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌కి అకౌంట్స్ చూసే ఆయన బంధువులకీ అలాగే చెబుతాడు. నిజం చెబితే ముందు నవ్వుతాడు, ఆ తర్వాత సలహాలిస్తాడు. రెండూ భరించడం కష్టమని ఆమె ఊరుకుంది.

"మీకెందుకండీ ఇప్పుడు బేస్‌బాల్?"

"జనరల్ నాలెడ్జ్" అన్నాడు పట్టాభి, చట్నీ గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

అప్పుడే గేటు చప్పుడైంది. తాపీమేస్త్రీ కొమరయ్య. ఎల్బీనగర్ వెనక కాలనీలో ఉన్న ఆ ఇంటికి పాతికేళ్ళు. పడగ్గది స్లాబు పెచ్చులూడి లోపలి చువ్వలు బయటపడ్డాయి. పోయిన వానల్లో ఒక పెచ్చు పట్టపగలు బిందుమాధవి దిండు మీద పడింది. తల ఆ సమయానికి వంటింట్లో ఉండబట్టి సరిపోయింది. స్లాబు బాగు చేయించడానికనే జనవరిలో నాలుగు లక్షల చీటీ పాడారు.

"అడ్వాన్స్ ఇస్తనని మూడు ఐతారాలాయె సార్" అన్నాడు కొమరయ్య గుమ్మంలోనే నిలబడి. "నా మనుషులు ఊకె కూసుంటరా?"

"వచ్చేవారం కొమరయ్యా. బ్యాంకులో సర్వర్ పనిచెయ్యట్లేదు."

"మూడు వారాల సంది పండుకున్నదా సార్ గా సర్వరు?" కొమరయ్య బిందుమాధవి వైపు తిరిగాడు. "అమ్మా, జర నువ్వన్న చెప్పు. చువ్వలు తుప్పు పట్టి సేమ్యాల లెక్క అయినయ్. ఆనలు మొదలైనంక నన్ను పిలిస్తే నేను జేసేదేం లేదు. మీర్‌పేట్‌ల ఇంకో పని ఉంది, శుక్రారం దాంక సూస్త, ఎల్లిపోత."

ఆయన వెళ్ళాక ఆమె పొయ్యి ఆపింది. "చీటీ డబ్బులేవండీ?"

కాసేపు ఎల్ఐసీ అన్నాడు, కాసేపు ఫ్రెండుకి అవసరం అన్నాడు. చివరికి మూసారాంబాగ్ దగ్గర టీకొట్టులో కూర్చునే మహేష్ పేరు బయటికొచ్చింది. పందేల యాప్‌లు మూతపడ్డాక ఆ ఆటంతా అతని ఫోన్లోకి చేరింది.

"క్రికెట్‌లో అంతా మోసం, అందుకే ఆ డబ్బులు పోయాయి" అన్నాడు పట్టాభి, పోయినవాటికి కూడా గౌరవం తగ్గకుండా. "ఇది అలా కాదు. హెరన్స్ అని ఒక జట్టు. అందులో డానీ కోల్‌బర్న్ అని బంతి విసిరే కుర్రాడు, ఇరవై మూడేళ్ళు. గీత నూట ఎనభై. హాలండ్ ఏమన్నాడో తెలుసా? నూట ఎనభై పైమాటే, కళ్ళు మూసుకుని పెట్టెయ్యమన్నాడు."

"ఎంత పెట్టారు?"

"మూడున్నర."

"వేలా?"

పట్టాభి ఖాళీ పళ్ళెంలో వేలితో గీతలు గీశాడు.

ఆ కుర్రాడివి పదకొండు ప్రాక్టీసు ఆటలు చూసింది బిందుమాధవి. మూడో ఇన్నింగ్స్ దాటేసరికి ఎడమచేత్తో కుడి మోచేతిని ఎవరూ చూడకుండా పట్టుకుంటాడు. ఆ తర్వాత బంతి వేగం తగ్గుతుంది. గీతకి కిందే, ఈ మోచెయ్యి సీజన్ దాటదు అని ఆమె రాసి పంపింది. పాఠకులు ఆశ కోసం వస్తారు, పైన అని మార్చండి అని ఎడిటర్ జవాబిచ్చాడు. మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పోయేది ఏ దేశపు ముక్కూమొహం తెలియనివాళ్ళ డబ్బోలే అనుకుంది. ఆ ముక్కూమొహం ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఇంకో దోసె పడుతుందా అని చూస్తోంది.

"వెనక్కి తీసుకోండి."

"ఆటలు మొదలయ్యేది గురువారం. అప్పటిదాకా తీసుకోవచ్చు, మహేష్ పదోవంతు పట్టుకుంటాడు. అసలెందుకు తీసుకోవాలి? ఆ ఆటలో జట్టుకి ఎంతమందో తెలుసా నీకు?"

"తొమ్మిదిమంది."

"ఊహించి చెప్పావు."

"ఏవండీ, ఆ స్టీవ్ హాలండ్‌ని నేనే."

ఆమె అనుకున్నట్టే నవ్వాడు. ఆమె ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టేదాకా నవ్వాడు. ఉత్తరాలు చూపించింది, బ్యాంకులో పడిన పైకం చూపించింది, గీతకి కిందే అని తను మొదట రాసిన ప్రతి చూపించింది. పట్టాభి దాన్ని రెండుసార్లు చదివాడు.

"మరి గడ్డం?" అన్నాడు.

"కొన్న ఫొటో."

"తెలిసి తెలిసి అబద్ధం రాశావా?"

"రాశాను. మీరు చదువుతారనుకోలేదు. తెలిస్తే రాసేదాన్ని కాదు."

మిగిలినవాళ్ళ సంగతేమిటని ఆయన అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది ఆమెకి.

పట్టాభి ఫోన్ తీసి మహేష్‌కి కలిపాడు, ఆమెకి వినబడాలని స్పీకర్ పెట్టాడు. బిందుమాధవి ఊపిరి పీల్చుకుంది. పదోవంతు పోతే పోయింది, రేపే కొమరయ్యని పిలవచ్చు.

"ఏందన్నా, పరేషాన్ అయితున్నవా? తీస్తవా పైసలు?"

పట్టాభి భార్య వైపు చూశాడు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ చూపు ఆమె ఎప్పుడూ ఎరగదు. పెద్ద డాక్టర్ గదిలోకి వెళ్ళినవాడి చూపు.

"తియ్యను. కిందకి మార్చు."

"కిందికా? అందరు పైకే పెడ్తున్రు గదన్నా. హాలండ్ సారే చెప్పిండు."

"హాలండ్ సంగతి నాకు తెలుసులే. మిగిలిన యాభై వేలు కూడా వేసెయ్."

బిందుమాధవి ఫోన్ లాక్కునేలోపు అవతల పెట్టేశాడు.

"తీసెయ్యమంటే కిందకి మారుస్తారేంటండీ!"

"నీ మాట మీదే కదా వేశాను! నా మాట ఎప్పుడూ వినరంటావు, వింటే ఏడుస్తావు."

"నేనేమైనా డాక్టర్నా? ఆ చెయ్యి రేపు నయమైతే?"

"నయమవుతుందా?" అన్నాడు పట్టాభి. నిజంగానే అడిగాడు, జవాబు కోసం ఆగాడు కూడా.

సోమవారం పోరింది, మంగళవారం మాట్లాడ్డం మానేసింది, బుధవారం తనే మహేష్‌కి ఫోన్ చేసింది. "అన్న చెప్తేనే మారుస్త వదినా, రూల్ రూలే" అన్నాడు మహేష్, ఎంతో నిజాయితీగా. అంచనా సవరించమని ఎడిటర్‌కి రాస్తే జవాబు రాలేదు. శుక్రవారం పొద్దున అమెరికాలో ఇంకా గురువారమే ఉండగా, కొమరయ్య సామాను ఆటోలో వేసుకుని మీర్‌పేట్ దారి పట్టాడని పక్కింటావిడ చెప్పింది.

ఆ వేళకి ఆట నడుస్తోంది. పట్టాభి ముందుగదిలో ల్యాప్‌టాప్ ముందు రెండు కుర్చీలు వేశాడు. కాఫీ తనే కలిపాడు, పంచదార మరీ ఎక్కువేశాడు. ఒక్కో బంతికీ ఇదేమిటి, అదేమిటి అని అడుగుతూ, ఆమె చెప్పింది చెప్పినట్టు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. మొదటి మూడు ఇన్నింగ్స్ డానీ కోల్‌బర్న్ నిప్పులు చెరిగాడు. ఆరుగురు బంతి కొట్టలేక అవుట్. పట్టాభి నుదుటి మీద చెమట. గ్యాలరీలో ఆ కుర్రాడి తల్లిని చూపించారు. కొడుకు పేరున్న చొక్కా వేసుకుని, లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక బంతి విసిరాక కుర్రాడు ఆగాడు. మొహం చిట్లించాడు. ఎడమచెయ్యి కుడి మోచేతి దాకా వెళ్ళి, కెమెరా గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది.

"అదే కదా? అదే కదా బిందూ?" పట్టాభి తొడ చరిచాడు.

బిందుమాధవి కాఫీ కప్పు కింద పెట్టి ముందుకి వంగింది.

"ఒకసారి వెనక్కి తిప్పండి" అంది. "ఆ మోచెయ్యి సరిగ్గా చూడనివ్వండి."