కూర్మనాథం మునిగిన రోజు

రోజూ పొద్దున్నే సరుకు ఎక్కించాక గంగులు పడవ ముందు నిలబడి ఒక్కటే మాట అడిగేవాడు.

"ఎవులికైనా ఎవులిమీదైనా కోపం ఉన్నాదా? ఉంటే ఇప్పుడే సెప్పీండి."

రాజాం దాటాక వచ్చే రిజర్వాయరులో ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్న పెద్ద కర్రపడవ అది. పేరు కూర్మనాథం. రాజాం వ్యాపారి భీమశంకరరావు చేయించాడు, గంగులు నడిపేవాడు. ఇటునుంచి సిమెంటు, ఎరువులు, ఉప్పు వెళ్లేవి. అటునుంచి ధాన్యం, జీడిపిక్కలు, మేకలు వచ్చేవి.

ఆ పడవకి బస్తాలెంత బరువో కోపాలూ అంతే బరువు. మొగుడూపెళ్లాల అలక అరబస్తా. తోటికోడళ్లది రెండు. పొలంగట్టు తగాదా పదికి తక్కువ తూగదు. ఎవరైనా చెయ్యెత్తితే గంగులు ఆ మేరకు బస్తాలు దించేవాడు, కుదరకపోతే మనిషినే దించేవాడు. ఒకసారి వియ్యపురాళ్లిద్దర్నీ గట్టునే వదిలేసి పెళ్లికొడుకుని దాటించాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

ఈ వేసవిలో రిజర్వాయరు మీద వంతెన పూర్తయింది. కూర్మనాథాన్ని ఒక రిసార్టుకి ఇచ్చెయ్యాలని భీమశంకరరావు నిశ్చయించాడు. అందులో బల్లలేసి బిర్యానీ వడ్డిస్తారట.

"నువ్వూ అక్కడే ఉందువుగానిరా. తెల్లటోపీ పెట్టుకుని వచ్చినవాళ్లకి దండం పెట్టడమే పని," అన్నాడు.

"అలాగే బాబూ," అని నవ్వాడు గంగులు. ఇంటికెళ్లి రెండుపూటలు అన్నం ముట్టలేదు.

"ఏటయినాది నీకు?" అంది పెళ్లాం గురమ్మ.

"అరగనేదు," అన్నాడు.

చివరి ట్రిప్పులో నలభై సిమెంటు బస్తాలు, భీమశంకరరావు, అతని చెల్లెలి మొగుడు జయకృష్ణ ఎక్కారు. అవతలి గట్టున దుకాణం జయకృష్ణదే. గంగులు ఎప్పట్లాగే అడిగాడు. "మాకేం కోపాలు!" అని వాళ్లిద్దరూ ఒకరి భుజంమీద ఒకరు చెయ్యేసుకున్నారు.

నడిమధ్యకి వెళ్లేసరికి నీళ్లు పడవ అంచుకి జానెడు దూరంలో ఉన్నాయి.

"బాబూ, నిజం సెప్పీండి. ఇక్కడ ముప్పై బస్తాల కోపం ఉన్నాది."

జయకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "మా పెళ్లి ఆల్బమ్‌లో ఏ ఫొటో చూసినా మీ మోచెయ్యే బావా. తాళి కట్టేటప్పుడు కూడా. ఇంతకీ పెళ్లికొడుకుని నేనా, మీ మోచెయ్యా?"

"మరి నువ్వో? పన్నెండేళ్లుగా మా ఇంట్లో కాఫీ తాగి 'పర్వాలేదు' అంటావు. ఆ మాటకి మా ఆవిడ హైమ పొడి మార్చింది, ఫిల్టరు మార్చింది, పాలవాణ్ణి మార్చింది!"

అరుచుకున్నారు. అరిచి అరిచి నవ్వేశారు. పడవ తేలిగ్గా పైకి లేచింది. అంతలోనే మళ్లీ దిగడం మొదలెట్టింది.

"ఇంకేం దాచావు బావా?" అన్నాడు భీమశంకరరావు.

"రామతీర్థం రాముడి మీద ఒట్టు, నా దగ్గరింకేం లేదు."

ఇద్దరూ మెల్లగా గంగులు వైపు తిరిగారు.

"నాకా?" అన్నాడు గంగులు కంగారుగా. "నాకేటి కోపం బాబూ? నాకేటీ నేదు!"

ఆ మాటతో నీళ్లు అంచు దాటి లోపలికి వచ్చేశాయి. సిమెంటుతో సహా కూర్మనాథం చప్పుడు లేకుండా కిందికి వెళ్లిపోయింది. పక్కన వల లాగుతున్నవాళ్లు ముగ్గుర్నీ దోనెల్లోకి ఎక్కించి గట్టుకి చేర్చారు.

బుడగలు ఆగేదాకా గంగులు అటే చూశాడు. ఆ తరవాత నోరు తెరిచాడు.

"నాను నడిపిన పడవని బిర్యానీ కొట్టు సేసేస్తారా? నాకు టోపీ ఎట్టేస్తారా? నన్నొక్క మాట అడగాలనిపించనేదా బాబూ?"

"ముందే చెప్పొచ్చు కదరా," అన్నాడు భీమశంకరరావు, పంచె పిండుకుంటూ.

"రోజూ అందర్నీ అడిగినోణ్ణి నాను. నన్నెవులడిగినారు?"

భీమశంకరరావు పిండుతున్న పంచె వదిలేశాడు. ఆ బురదలోనే గంగులు పక్కన కూలబడ్డాడు. "తప్పేరా," అన్నాడు.

పదిరోజుల తరవాత చేపల సొసైటీవాళ్లు గంగులు ఇంటికొచ్చారు. కొత్త పడవ కొన్నారట, నడుపుతావా అని అడిగారు. పాత గంగులైతే వాళ్ల మాట పూర్తికాకుండానే తలూపేసేవాడు.

"నడుపుతాను," అన్నాడు. "గానీ ఆదివారం రాను. ఆదివారం మా ఇంటిదాన్ని సినిమాకి అట్టుకెల్లాల."

వాళ్లు మొహాలు చూసుకుని సరేనన్నారు.

లోపల చింతపండు పిసుకుతున్న గురమ్మ తడిచెయ్యి తుడుచుకోకుండానే గుమ్మంలోకి వచ్చింది.

"ఏ సినిమా?" అంది.