నవమి పెట్టె, దశమి పెట్టె

పండుగపూట గేటు ముందు పాలు పారబోయించిన డెయిరీ మాది. 1998 దసరా అది. కరువు వల్ల కాదు, కల్తీ వల్లా కాదు. మహబూబ్‌నగర్ హెడ్డాఫీసులో ఒక కంప్యూటరుకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, స్విచ్ ఆపి పడుకోబెట్టినందుకు.

ఆ కంప్యూటరును మేమంతా పేర్ల పెట్టె అనేవాళ్లం. దాన్ని చూసుకునే ఖమర్‌ను నేనే. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మాకు చిల్లింగ్ సెంటర్లు ఉండేవి. ఊళ్ల నుంచి వచ్చిన పాలను అక్కడ చల్లబరిచి, ట్యాంకర్లలో హైదరాబాద్ ప్లాంటుకు పంపాలి. ట్యాంకర్ గేటు దాటాలంటే పాసు రావాలి. పాసులిచ్చే కంప్యూటరు ప్లాంటులో ఉంటుంది. సెంటర్లలో ఉన్న కంప్యూటర్లకు దాని పేరు తెలుసు గానీ, అది ఏ నంబరు మీద దొరుకుతుందో తెలియదు. టెలిఫోను తీగల మీదుగా మా పేర్ల పెట్టెను అడుగుతాయి. పెట్టె నంబరు చెబుతుంది, పాసు వస్తుంది. ప్లాంటువాళ్లు మిషన్లు మార్చినప్పుడల్లా నంబర్లు మారిపోతుంటాయి కాబట్టి ఈ ఏర్పాటు. నేను ఒక్కచోట దిద్దితే రెండు జిల్లాలకూ సరిపోతుంది. పెట్టె పడుకుంటే మాత్రం రెండు జిల్లాలకూ కళ్లు పోయినట్టే. చేత్తో రాసిన పాసులు చెల్లవని ప్లాంటువాళ్లు ఎప్పుడో తేల్చేశారు.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. పండుగ కదా ఇంటికి పొమ్మన్నారు, పోయాను. వెనక వీళ్లు పెట్టెకు ఆయుధపూజ చేసి ఆపేశారని నాకు తెలియదు. సెంటర్లలో ట్యాంకర్లు కదల్లేదు. చల్లబరిచే ట్యాంకులు నిండిపోయాయి. తర్వాత వచ్చిన పాలు పోయడానికి జాగా లేదు. ఎండకు విరిగిపోయిన పాలను జనం గేటు ముందే ఒంపేసి వెళ్లారు.

తర్వాత విచారణ జరిగింది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ఎవరిదీ తప్పు కాదని రాసుకొచ్చే పని నాకు అప్పగించి, నల్గొండ పక్కన పానగల్ సెంటరుకు పంపారు. అక్కడ గోవిందమ్మ అనే ఆమె నన్ను గేటు దగ్గరే పట్టుకుంది. బర్రెలు మేపుకుంటూ, వాడకట్టు పాలు కూడా తానే నెత్తినెత్తుకుని తెచ్చే ముసలామె.

"నువ్వేనా బిడ్డా గా డబ్బ కాడ కూసునేది?"

"నేనే అవ్వా."

"మీ డబ్బ పండుకుంటే మా బర్లు గూడ పండుకుంటయనుకున్నరా? పొదుగు నిండితే బర్రె ఆగుతదా? పండుగపూట నా చేతులతోని నేనే నేలల ఒంపుకున్న."

సిగ్గుతో ఒళ్లంతా కాలింది. ఆ ఊపులోనే అనేశాను.

"వచ్చే దసరాకు ఒక్క క్యాను గూడ పారబోయనియ్యను అవ్వా. మాటిస్తున్న."

"సూస్తం తియ్," అందామె. ఆ రెండు ముక్కల్లో నమ్మకం ఇసుమంత కూడా లేదు.

మాట ఇవ్వడం ఎంతసేపు? నిలబెట్టుకోవడానికే ఏడాది పట్టింది.

పూజ మానేయమని నేను అడగలేదు, అడగను కూడా. మా బాపు అబ్దుల్ ఖాదర్ లారీ మెకానిక్. దసరా వస్తే డ్రైవర్లంతా మా షెడ్డులోనే లారీలకు పూజ చేసుకుంటారు. టైర్ల కింద పెట్టే నిమ్మకాయలు మా బాపే బజారుకు పోయి ఏరి తెస్తాడు. నాకు కావాల్సింది పూజ ఆగడం కాదు. ఒకటి పడుకున్నప్పుడు ఇంకొకటి మేలుకుని ఉండాలి, అంతే.

మా మేనేజరు అమరేందర్ సారు మంచి మనిషే. ఆడపిల్లకు కంప్యూటర్ల గది ఏమిటని నలుగురు నసిగినా, ఉద్యోగం ఇచ్చింది ఆయనే. రెండో పెట్టె కావాలని అడిగినప్పుడల్లా మాత్రం నవ్వి ఊరుకునేవాడు. వేసవి దాటాక హైదరాబాద్ నుంచి ఒక కొత్త ప్రోగ్రాం వచ్చింది. ఒక కంప్యూటరు లోపల ఉత్తుత్తి కంప్యూటర్లు రెండు నడిపిస్తుంది. పెట్టె ఒక్కటే, లోపల కాపురాలు రెండు. దేని పని దానిదే.

సారు సంబరపడ్డాడు. నేనూ పడ్డాను, అబద్ధమెందుకు? పేర్లు చెప్పే సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు లోపలి రెంటిలో ఒకదాన్ని ఆపి మార్చుకునేదాన్ని. ఆలోపు రెండోది జవాబులు చెప్పేది. తర్వాత దాన్ని ఆపి దీన్ని నిలబెట్టేదాన్ని. పట్టపగలే, ఒక్క ట్యాంకరు ఆగకుండా అయిపోయేది. వచ్చిన ప్రతివాళ్లకూ సారు "మాకు రెండు సర్వర్లు" అని చెప్పుకునేవాడు. నేను ఊరుకోలేకపోయాను.

"గుంజ ఒక్కటే సార్. రెండు బర్లను ఒకే గుంజకు కట్టినం. అది ఊడితే రెండూ పోతయ్. దసరాకు మీరు ఆపేది గుంజనే."

"మా నాయిన మగ్గం నేసెటోడు ఖమర్. దసరానాడు మగ్గాన్ని ఎవ్వరినీ ముట్టనియ్యకపోయేది. ఏడాదంత తిండి పెట్టినదానికి ఒక్క దినమన్న సుస్తాయించుకునే హక్కు లేదా?"

"ఉంది సార్. నేను కాదంటున్ననా? ఇంకోదాన్ని కాపలా పెట్టి పండుకోబెడుదాం."

పానగల్ సెంటరులో ఒక పాత కంప్యూటరు గుడ్డ కప్పుకుని మూలకు పడి ఉందని నాకు తెలుసు. ఉత్తుత్తి పెట్టెలో ఒక సుఖం ఉంది. అది మొత్తంగా ఒక ఫైలే. కాపీ చేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. లోపలి రెంటిలో ఒకదాన్ని డిస్కులోకి ఎక్కించి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. పాత కంప్యూటరు మీద అది మూలుగుతూనైనా లేచి నిలబడింది. మహబూబ్‌నగర్‌లో దిద్దిన నంబరును తీగ మీదుగా పానగల్‌లో కూడా రాసుకునేటట్టు చేశాను. ఒకటి పలకకపోతే రెండోదాన్ని అడగమని సెంటర్ల కంప్యూటర్లకూ నేర్పాను. రెండు ఊళ్లు, రెండు గుంజలు. గెలిచాననుకున్నాను.

గెలవలేదు. పానగల్ సెంటరు ఇన్‌చార్జి జంగయ్య అది చూసి కళ్లకద్దుకున్నాడు.

"మంచిగయింది మేడం. ఇగ దసరాకు దీనికి గూడ పూజ జేసి పండుకోబెడ్త."

ఆడా ఈడా ఒకే రోజు ఆపితే మళ్లీ మొదటికే! జంగయ్యను బతిమాలాను. ఆయన పక్కనే నిలబడ్డ, పాలు చల్లబరిచే మోటరు చూసుకునే యాదయ్య వైపు చూపించాడు. యాదయ్య కుడిచేతికి చూపుడువేలు లేదు.

"ముందటేడు పూజ ఎగ్గొట్టి మోటరు నడిపిచ్చినం. బెల్టుల పడి ఈని వేలు పోయింది. మల్ల గా పాపం నాకొద్దు," అన్నాడు జంగయ్య.

అది మొండితనం కాదు, భయం. భయంతో వాదించి లాభం లేదని ఊరుకుని, పూజ ఏ రోజు చేస్తారని అడిగాను. దశమినాడని చెప్పాడు. అమరేందర్ సారు ఇంట్లోనేమో నవమినాడు. పోయినేడు పండుగ కలిసొస్తుందని దశమినాడు చేశాడు గానీ, ఇంటి ఆచారం నవమే. నేను అక్కడే పకపకా నవ్వేశాను. తలా ఒక రోజు పడుకోబెట్టుకోండి మహానుభావులారా అనుకున్నాను. సారు కూడా ఒప్పుకున్నాడు. మోడెములు, తీగలు మాత్రం ముట్టవద్దని మాట తీసుకున్నాను.

నవమినాడు పొద్దున మహబూబ్‌నగర్ పెట్టెను ఆపారు. పసుపు, కుంకుమ, బంతిపూలు. నేను దగ్గరుండి కొబ్బరికాయ అందించాను. ఆ రోజంతా రెండు జిల్లాల గేట్లకూ పానగల్‌లోని ఆ ముసలి కంప్యూటరే జవాబు చెప్పింది. ప్రతి సెంటరుకూ ఫోను చేశాను. "పాసు వచ్చిందా?" "వచ్చింది మేడం." ఆ మాట విన్నప్పుడల్లా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

సందెపూట సారు దండం పెట్టి స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. డిస్కు తిరగలేదు. టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. ఏడాదిగా వేడి మీద తిరుగుతున్న డిస్కు ఒక్క పూట చల్లారేసరికి బిగుసుకుపోయింది. ఎండలో పనిచేసి కూర్చున్న ముసలివాళ్లు మళ్లీ లేవలేనట్టే. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే చప్పుడు. లోపలి రెండు కాపురాలూ దానితోపాటే పోయాయి. కొత్త డిస్కు పండుగ దాటితే గానీ దొరకదు.

"రేపు పానగల్‌ల ఆపొద్దని జంగయ్యకు ఆర్డరెయ్యండి సార్," అన్నాను.

సారు ముఖం వాడిపోయింది. "నేను ఆపుకొని పూజ జేసుకున్న. నువ్వు ఆపకని ఆయనకు ఏ మొకం పెట్టుకొని చెప్పాలె ఖమర్?"

నాకు చెడ్డ కోపం వచ్చింది. కానీ ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఫోనులో జంగయ్యతో నేనే మాట్లాడాను. "పెట్టె పండుకోవాలె మేడం" అని ఒక్కటే మాట. ఫోను పెట్టేశాడు. ఫోనులో చెప్పి ఒప్పించే సంగతి కాదిది. తెల్లవారి మొదటి బస్సు పట్టుకున్నాను. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ. బతుకమ్మలు ముగించుకుని ఊళ్లకు మళ్లిన ఆడవాళ్లతో బస్సు కిటకిటలాడుతోంది. నేను దారంతా రాడ్డు పట్టుకుని నిలబడే, జంగయ్యతో చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి, ఆయన భయానికి మందు మాత్రం వాటిలో లేదు.

నేను సెంటరులో అడుగుపెట్టేసరికి జంగయ్య తలస్నానం చేసి, పళ్లెం పట్టుకుని కంప్యూటరు ముందే ఉన్నాడు. యాదయ్య గుమ్మానికి మామిడాకులు కడుతున్నాడు. బయట క్యాన్లతో జనం వరుసగట్టి ఉన్నారు. ట్యాంకరు ఇంకా నిండలేదు. నేను పోయి ప్లగ్గుకూ జంగయ్యకూ నడుమ నిలబడ్డాను.

"జరగండి మేడం. అయిపోంగనే మల్ల ఏస్త గద?"

"లేవకపోతే? మాది నిన్న లేవలే. ఇది దానికంటె పాతది. ఇది గూడ పోతే రెండు జిల్లాలల్ల ఒక్క గేటు తెరుచుకోదు."

"గట్లని నడిచేదానికి పూజ జేస్తరా ఎవరన్న? అపచారం. మల్ల ఎవరికన్న ఏమన్నయితే ఎవరు మొయ్యాలె?"

నా గొంతు పెరిగింది, ఆయన గొంతు కూడా పెరిగింది. కిటికీ దగ్గర గోవిందమ్మ వచ్చి నిలబడింది. లొల్లి ఏమిటని అడిగితే, దాచకుండా అంతా చెప్పాను. నా మాట పోయేటట్టుంది అవ్వా అని కూడా చెప్పాను.

ఆమె జంగయ్య వైపు తిరిగింది. "పొద్దుగాల మా బర్రెకు పసుపు రాసిన, బొట్టు పెట్టిన, కొమ్ములకు బంతిపూలు కట్టి మొక్కిన. మరి పాలు పిండకుంట వచ్చిన్నా జంగయ్యా? గివి యాడికెల్లి వచ్చినయనుకున్నవ్?" అని తన క్యాను మీద చేత్తో కొట్టింది.

జంగయ్య చూపు యాదయ్య చేతి మీదికే పోయింది. అప్పుడు యాదయ్య మామిడాకులు కింద పెట్టాడు.

"అన్నా, నా వేలు పూజ జెయ్యకపోతె పోలే. బెల్టు మీద ఇనుప జాలి లేకపోతె పోయింది. జాలి ఇంకా పెట్టియ్యలే నువ్వు. ఇయ్యాల మోటరు బంద్ జేసి గది పెట్టియ్యి. గదే నాకు పూజ. గీ డబ్బ నడువనీ, నీ దండం పెట్టు."

జంగయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండేళ్లుగా ఆ వేలిని తన మెడకు కట్టుకుని తిరిగిన మనిషి. ప్లగ్గు దగ్గర నుంచి నేను పక్కకు జరిగాను. ఇక కాపలా అక్కర్లేదనిపించింది. ఆయన నడుస్తున్న పెట్టె మీద, గాలి రంధ్రాలు లేని మూల చూసి బొట్టు పెట్టాడు. మోటరు ఆపించి, తానే పాత ఇనుప జాలి ఒకటి వెతికి తెచ్చి యాదయ్యతో కలిసి బిగించాడు. ట్యాంకులో పాలు అప్పటికే చల్లగా ఉన్నాయి కాబట్టి ఆపాటి ఆలస్యానికి ఏమీ కాలేదు. మోటరు మళ్లీ లేచింది. ట్యాంకరు నిండింది. పాసు వచ్చింది. గేటు తీశారు.

ఆ రోజు రెండు జిల్లాల్లో ఒక్క క్యాను కూడా నేలన పోయలేదు.

గోవిందమ్మ కడిగిన క్యాను చంకకెత్తుకుని నా దగ్గరికి వచ్చింది. మెచ్చుకుంటుందేమోనని ఆశగా లేచి నిలబడ్డాను.

"గింతేనా బిడ్డా? ఇంకో ఊర్ల ఇంకో డబ్బ పెట్టుడేనా? మరి పోయినేడెందుకు పెట్టలే?"

"పోయినేడు నాకు రాదు అవ్వా. తర్వాత నేర్చుకున్న."

"మీరు నేర్చుకునేదాక మేము పారబోసుకుంట ఉండాలె అన్నట్టు," అని కోపం లేకుండానే అనేసి, పండుగ వంటకు ఆలస్యమవుతోందని గబగబా వెళ్లిపోయింది.

ఆ మాట నాకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. ఇప్పటికీ తగులుతుంది. లోపలికి పోయి అమరేందర్ సారుకు ఫోను కలిపాను. ఇక్కడ అంతా బాగుందని చెబితే ఆయన హమ్మయ్య అన్నాడు. ఇక ఇంటికి పోయి పండుగ సెలవు తీసుకో అన్నాడు.

"సెలవు తర్వాత సార్. ఇప్పుడు రెండు జిల్లాలకు దిక్కు గీ ముసలి పెట్టె ఒక్కటే. దీని కాపీ తీసుకొని ఇట్లనే హైదరాబాద్ పోతున్న. ప్లాంటుల ఒక కంప్యూటరు ఖాళీ చేసి ఉంచమని చెప్పండి," అన్నాను. ఆయన పండుగపూట ఎవరుంటారని ఏదో అంటుండగానే, హ్యాండ్‌బ్యాగులోంచి ఆ పాత కాపీ డిస్కు తీసి పెట్టి కాపీ మొదలుపెట్టాను.