వెంట్రుకవాసి బోల్టు

పళ్ళక్క అంటే వీధిలోకి కొత్తగా దిగినవాళ్ళు పళ్ళమ్మే మనిషి అనుకుంటారు. ఒకరిద్దరు సంచి పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు కూడా. ఆవిడ చేసేది కట్టుడు పళ్ళు. దంతవైద్యులు అచ్చు తీసి పంపిస్తే ఆ నోటికి సరిపడా సెట్టు తయారుచేసి ఇవ్వడం ఆవిడ పని. ముప్పై ఏళ్ళుగా అదే. ఊళ్ళో సగం మంది నవ్వులు నా చేతిమీదుగా వెళ్ళినవే అంటుంది.

పొద్దున ఆరింటికి లేచి, టీ పెట్టుకుని, ల్యాబుకి బయల్దేరేలోపు రెండు గంటలు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆ రెండు గంటలూ విమానాలవి. ప్లాస్టిక్ చట్రాలకి అతుక్కుని వచ్చే ముక్కల్ని ఒక్కొక్కటే కోసి, గరుకు కాగితంతో రుద్ది, అతికించి, సందుల్లో పుట్టీ నింపి, రంగులేసి, నీళ్ళలో నానబెట్టిన స్టిక్కర్లు పట్టకారుతో అంటిస్తుంది. ఏ రోజు ఎంత పనయిందో ఫొటో తీసి ‘రెక్కలూ తోకలూ’ అనే ఫోను గ్రూపులో పెడుతుంది. అందులో అరవై మంది ఉన్నారు, అందరికీ ఇదే పిచ్చి. ఫొటో పెట్టిన అయిదు నిమిషాలకి పుట్టీ మాస్టారు జవాబిస్తారు: “ఎడమ రెక్క మొదట్లో సందు కనిపిస్తోందమ్మాయ్.” ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. దేవుడు మనిషిని చేసి చూపించినా సందు కనిపిస్తోందనే రకం.

పళ్ళక్క విమానాలకి ఒక పద్ధతుంది. చివరి స్టిక్కరు ఆరగానే బల్ల మీంచి లేచి గదిలో ఎగురుతాయి. అసలు విమానం ఎలా ఎగిరేదో అచ్చం అలాగే. బరువైన సరుకు విమానం అల్మారా మీదకి ఎక్కడానికి ఆయాసపడుతుంది. రెండంతస్తుల రెక్కల పాతకాలపు విమానం ఫ్యాను గాలికి తూలుతుంది. ఒకటే షరతు, చేసినదాంట్లో తప్పుండకూడదు. ఒక్క ముక్క తేడా వచ్చినా ముంగిలా కూర్చుంటుంది, కదలదు. అందుకే గ్రూపులో ఏ వివరం మీద గొడవ వచ్చినా “పళ్ళక్క చేత చేయించి చూడండి, తేలిపోతుంది” అంటారు. పోస్టుమాన్ అయితే తలుపు తట్టి, “లోపలేమైనా తిరుగుతున్నాయా అమ్మా?” అని అడిగి, తల వంచుకుని వచ్చి తలుపు చప్పున మూసేస్తాడు.

ఆవిడ చెల్లెలు పైలట్. కొండల అవతలి ఊళ్ళకి మందులూ ఉత్తరాలూ మోసే ఒంటి ఇంజను విమానం నడుపుతుంది. పదకొండేళ్ళుగా నడుపుతోంది. వానలు వెలిసిన వారంలో ఒక మధ్యాహ్నం, దిగుతూ ఉండగా, ఆ విమానం ముక్కుతో నేలని గుద్దుకుని పల్టీ కొట్టి రన్‌వే పక్క గడ్డిలో పడింది. చెల్లెలి కాలు రెండు చోట్ల విరిగింది. వెనక సీట్లో ఉన్న నర్సుకి చెయ్యి విరిగింది. ప్రాణాలు దక్కాయి.

“కర్ర వెనక్కి లాగాను, రాలేదు” అంది చెల్లెలు ఆస్పత్రి మంచం మీద. దిగేటప్పుడు ముక్కు పైకెత్తడానికి పైలట్ పొట్ట దగ్గరికి లాక్కునే కర్ర అది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. అడిగిన ప్రతివాళ్ళకీ అదే మాట చెప్పింది.

కంపెనీ మేనేజరు పూలగుత్తితో పాటు ఒక కాగితం కూడా తెచ్చాడు.

“కర్ర రాకపోవడమేమిటమ్మా, కంగారులో నువ్వే లాగి ఉండవు. మనిషన్నాక పొరపాటు చెయ్యకుండా ఉంటాడా? ఒప్పుకుంటూ ఇక్కడ సంతకం పెట్టు, విచారణ తేలిగ్గా అయిపోతుంది. లైసెన్సు పోయినా ఆఫీసులో నీకో కుర్చీ వేయిస్తాను.”

ఇంటికొచ్చాక చెల్లెలు ఆ కాగితాన్ని కాలికట్టు మీద పెట్టుకుని చాలాసేపు చూసింది.

“పెట్టేస్తానక్కా. చెప్పి చెప్పి, అసలు లాగానో లేదో నాకే అనుమానమొస్తోంది.”

“పదకొండేళ్ళు లాగినదానివి ఆ ఒక్క రోజు మర్చిపోయావా? ముద్ద కలిపాక నోరెక్కడుందో వెతుక్కుంటావుటే?”

“విరిగిన విమానం వాళ్ళ షెడ్డులో ఉంది. మెకానిక్కులు వాళ్ళ మనుషులు. మన మాట ఎవరు వింటారు?”

“వినకపోతే చూస్తారు. నీ విమానం నేను చేస్తాను.”

పళ్ళక్క ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి బల్ల కాలి కింద దూర్చింది. ఆ బల్ల ఎన్నాళ్ళనుంచో ఊగుతోంది. చేత్తో కదిపి చూసి, “దీనికి పనికొచ్చింది” అంది.

విచారణకి అయిదు వారాలుంది. ఆ రోజే గ్రూపులో రాసింది: “ఈసారి మా చెల్లి నడిపిన విమానమే చేస్తున్నాను, ఆ నంబరుదే. ముప్పై రెండో వంతు సైజు. దాని మీద ఏ మచ్చ ఎక్కడుందో తెలిసినవాళ్ళు చెప్పండి.”

అరవై మందీ పనిలో దిగారు. చిన్న ఊళ్ళ విమానాశ్రయాల కంచెల దగ్గర నిలబడి ఎప్పుడో తీసిన ఫొటోలు బయటికొచ్చాయి. కుడి రెక్క కింద రేకు అతుకుందని ఒకరు చూపించారు. తలుపు పిడి వేరే విమానానిదని ఇంకొకరు పసిగట్టారు. చెల్లెలు స్టూలు మీద కాలు చాపుకుని, సీటు చిరిగితే నీలం దారంతో తనే కుట్టిన కుట్లు ఎన్నో లెక్కపెట్టి చెప్పింది. పద్నాలుగు. పళ్ళక్క పద్నాలుగూ కుట్టింది, భూతద్దం కింద.

మూడు వారాలకి స్టిక్కర్లు ఆరాయి. విమానం లేవలేదు.

మర్నాడు పుట్టీ మాస్టారు రెండు బస్సులు మారి వచ్చారు. కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని గంటసేపు తిప్పి తిప్పి చూశారు. “నా జన్మలో మొదటిసారి అంటున్నానమ్మాయ్. సందు లేదు. పైన ఏ తప్పూ లేదు” అన్నారు, కాస్త నిరుత్సాహంగానే.

ఆ సంగతి ఎలా తెలిసిందో, మేనేజరు ల్యాబుకి ఫోను చేశాడు. “మీ బొమ్మ లేవలేదటగా. చూశారా, మీరు చేసిందే మీ మాట నమ్మడం లేదు.”

“లేవలేదంటే మీ విమానంలో నాకు తెలియనిదేదో ఉందన్నమాట. మీకు తెలుసేమో చెప్పండి, రాసుకుంటాను. పెన్ను చేతిలోనే ఉంది.”

ఆయన ఫోను పెట్టేశాడు.

పళ్ళక్క గ్రూపులో మళ్ళీ రాసింది: “తప్పు పైన లేదు, లోపలుంది. దాన్ని లోపల చూసినవాళ్ళు ఎవరైనా ఈ గ్రూపులో ఉంటే వాళ్ళకో మాట. మా చెల్లి కాలు అతుక్కుంటోంది. ఆ కంపెనీవి అలాంటివే ఇంకా నాలుగు విమానాలు ఇవాళ కూడా ఎగిరాయి.”

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెన్సిలు బొమ్మ వచ్చింది. పంపినది ‘గ్రీజు’ అనే పేరుతో ఉన్న సభ్యుడు. రెండేళ్ళుగా గ్రూపులో ఉన్నా, అందరి ఫొటోలకీ బొటనవేలు చూపించడం తప్ప ఏనాడూ ఒక్క ముక్క రాసినవాడు కాదు. బొమ్మలో తోక లోపలి భాగం, అక్కడ కర్ర నుంచి వచ్చే కడ్డీకీ తోకరెక్కకీ కీలుగా ఒక బోల్టు. కింద వంకర అక్షరాలు: “ఉండాల్సిన సైజు దొరకలేదు. ప్రమాదానికి రెండు రోజుల ముందు ఒక సైజు పొడుగుది వేశాం. కర్ర పూర్తిగా లాగితే దీని కొస చట్రానికి తన్నుకుంటుంది. వేసింది నేనే.”

పళ్ళక్క ఎవరి దవడకో కడుతున్న సన్న తీగలోంచి చిన్న ముక్క తుంచి ఇంటికి తెచ్చింది. అసలు విమానానికున్నట్టే తన దానికీ తోక పక్కన చిన్న మూత పెట్టి ఉంది. అది తీసి, పట్టకారుతో పాత బోల్టు లాగేసి కొత్తది పెట్టింది. రెంటికీ వెంట్రుకవాసి తేడా.

మూత పెట్టిన చెయ్యి ఇంకా వెనక్కి తియ్యకుండానే విమానం లేచింది. కర్టెన్ల మీదుగా రెండు చుట్లు తిరిగి, దిగడానికి బల్ల వైపు వాలింది. చెల్లెలి కుడిచెయ్యి దానంతటదే పొట్ట దగ్గరికి కదిలి సగంలో ఆగిపోయింది. విమానం ముక్కు పైకి లేవలేదు. టక్కున బల్లని పొడుచుకుని పల్టీ కొట్టింది.

“లాగాను అక్కా. నేను లాగాను” అంది చెల్లెలు. ప్రమాదం జరిగాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు.

“ఏడుపయ్యాక ఆ ప్రొపెల్లరు సరిచెయ్యి. వంగింది” అంది పళ్ళక్క. తన కళ్ళు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

విచారణ హాల్లో అధికారి ముందు లావుపాటి రిజిస్టరు ఉంది. మేనేజరూ కంపెనీ వకీలూ ఒక పక్క కూర్చున్నారు. వెనక బెంచీల్లో కంపెనీ మనుషులు, గ్రూపువాళ్ళు పదిహేను మంది.

“ఈ విమానం సాక్ష్యాల జాబితాలో లేదమ్మా” అన్నాడు అధికారి.

“ఇప్పుడు రాసుకోండి సార్.”

వకీలు నవ్వాడు. “పళ్ళు కట్టే ఆవిడకి విమానాల సంగతి ఏం తెలుస్తుంది సార్?”

“సెట్టు వెంట్రుకవాసి ఎక్కువైతే నోరు మూతపడదు బాబూ. ఆ మాత్రం తెలుసు. చేతికందే దూరంలో ఉన్నారు, కావాలంటే మీకూ ఒకసారి అచ్చు తీస్తాను.”

హాలంతా గొల్లుమంది. అధికారి మీసంలో నవ్వు దాచుకుని, “ఫ్యాన్లు ఆపండి” అన్నాడు బంట్రోతుతో.

పళ్ళక్క ముందు పొట్టి బోల్టు పెట్టింది. “ఇది కంపెనీ రికార్డులో రాసి ఉన్న విమానం సార్.” రిజిస్టరు పక్కన నిలబెట్టి చేతులు కట్టుకుంది. అందరూ చూశారు. విమానం కదల్లేదు. గోడ గడియారం అయిదు నిమిషాలు నడిచింది. తర్వాత మూత తీసి పొడుగు బోల్టు పెట్టింది. “ఇది మా చెల్లి చేతికి ఇచ్చిన విమానం.”

అది లేచి, ఆగిన ఫ్యాన్ల కిందుగా హాలు చుట్టి, దిగుతూ దిగుతూ రిజిస్టరు మీద ముక్కు దించి పల్టీ కొట్టింది.

మేనేజరు లేచాడు. “పొడుగు బోల్టుందని మీకెవరు చెప్పారు? పేరు చెప్పండి!”

పళ్ళక్క పల్టీ కొట్టిన విమానాన్ని తీసి నిలబెట్టింది.

“చెప్పకపోతే ఇదంతా కల్పనే అవుతుంది సార్” అన్నాడు మేనేజరు, అధికారి వైపు తిరిగి.

“నేను పేరు చెప్పను. మీరు ఎన్నిసార్లడిగినా చెప్పను. షెడ్డు తలుపు తియ్యండి, బోల్టే చెబుతుంది.”

చివరి బెంచీలోంచి ఒక మనిషి లేచాడు. గోళ్ళ చుట్టూ నల్లటి గీతలు. “నేను చెప్పానండీ. వేసింది నేను. వద్దన్నా వెయ్యమన్నది మేనేజరుగారు.”

ఆ మధ్యాహ్నమే అధికారి తాళాలు తీసుకుని షెడ్డుకి వెళ్ళాడు. విరిగిన తోక విప్పిస్తే పొడుగు బోల్టు అక్కడే ఉంది. దాని కొస చట్రానికి రాసుకుని రాసుకుని మెరుస్తోంది. మిగతా నాలుగు విమానాలూ అప్పటికప్పుడు ఆపించి చూస్తే రెండింట్లో అలాంటివే బయటపడ్డాయి. అందులో ఒకటి మర్నాడు పొద్దున ఆరుగురితో బయల్దేరాల్సింది.

చెల్లెలి లైసెన్సు నిలబడింది. మేనేజరు మారాడు. మెకానిక్కుని ఆరు నెలలు పక్కన పెట్టి మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఆ కంపెనీకే ఎందుకు వెళ్తావని అడిగితే చెల్లెలు, “ఆ ఊళ్ళకి మందులు ఇంకెవరు మోస్తారు? తప్పు చేసినవాళ్ళు పోవాలి గానీ నేనెందుకు పోవాలి?” అంది.

మొదటి రోజు పొద్దున కొంచెం కుంటుతూ వెళ్ళి, నేరుగా విమానం తోక దగ్గర నిలబడింది. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మూత తనే విప్పింది. మెకానిక్కుని లోపల కూర్చోబెట్టి, “కర్ర లాగండి, చివరిదాకా” అని కేకేసింది. లోపల బోల్టు తిరగడం కళ్ళారా చూసింది. “ఇంకోసారి” అంది. ఆయన మళ్ళీ లాగాడు. “ఇంకోసారి.”

కొత్త మేనేజరు రన్‌వే పక్కన గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. మందుల పెట్టెలు ఎక్కించేశారు. “ఆలస్యమైపోతోందమ్మా” అన్నాడు.

చెల్లెలు తోకలోంచి తల తియ్యలేదు.

“అవనివ్వండి.”