చెప్పకుండా వెళ్ళిందట

మా ఆయన ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపులో పనిచేస్తాడు. వాళ్ళక్క రాసిన కవిత పత్రికలో పడిందని, షాపులో మిగిలిన చెక్కల్లో మంచివి ఏరి, అద్దం వేసి, తనే ఫ్రేము కట్టి తెచ్చాడు. మా బుడ్డోడి ఉయ్యాల పైన, గోడకి కొడతాడట.

ఆకు చివర మంచుబొట్టు
ఆకాశమంతా మోసింది
ఎండ తాకగానే
చెప్పకుండా వెళ్ళింది

మంచుబొట్టంటే మా పెద్దపిల్ల. నిరుడు పోయింది.

వదిన మాతోనే ఉంటుంది. కాలేజీలో పాఠాలు చెబుతుంది కాబట్టి ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు. కవిత చదివి పక్కింటావిడ కళ్ళొత్తుకుంది. కాలేజీ వాళ్ళు ఇంటికొచ్చి మరీ మెచ్చుకుని, టీ తాగి వెళ్ళారు. కప్పులు కడిగింది నేనే.

ఎనిమిదిలో బడి మానేసినదాన్ని, నాకు కవితలు తెలీవు. పిల్ల తెలుసు. ఎత్తుకుంటే చెయ్యి లాగేసేది. గుండ్రాయని ముద్దుపేరు పెట్టింది వాళ్ళ నాన్నే. అది పోయాక నాకు అన్నిటికీ భయమే. ఇంట్లో కూర్చుని చొక్కాలకి గుండీలు కుడతాను. కుట్టడం అవగానే, బుడ్డోడింకా పాకనైనా పాకకపోయినా, గుండీల డబ్బా అలమారు మీదకి ఎక్కించేస్తాను. వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను.

"అక్కడొద్దండీ" అన్నాను. మా ఆయన నోట్లో మేకు పెట్టుకుని, గోడ మీద చోటు చూస్తున్నాడు. వదిన నవ్వింది.

"అది పోలికమ్మా. మన పిల్ల నిజంగా మంచుబొట్టని కాదు. ప్రకృతిలో ఏదీ నిలవదని చెప్పడం. నీకెలా చెబితే అర్థమవుతుందో ఏమో."

"అర్థమైంది వదినా. చెప్పకుండా ఎక్కడ వెళ్ళింది అది? సాయంత్రమంతా ఏడ్చి ఏడ్చి చెప్పింది. ఒళ్ళు కాలిపోతోంది, ఆసుపత్రికి పోదామని నేనంటే, పొద్దున చూద్దాంలే అన్నదెవరు?"

వదిన ఫ్రేము అద్దం మీద దుమ్ము తుడిచింది. నేనే మళ్ళీ అన్నాను.

"ఎండకి మంచు ఆరిపోతే ఎందుకని ఎవర్నీ అడగక్కర్లేదు. పోలిక బాగా కుదిరింది."

వదిన మొహం మాడిపోయింది. పెద్దంతరం చిన్నంతరం లేదా అని గొణిగి, మా ఆయన మేకు కొట్టేశాడు. ఆ రోజు అక్క మాట కాదనలేకపోయిన మనిషి, ఇప్పుడు మాత్రం ఏమంటాడు? ఫ్రేము కాస్త వంకరగా ఉందని వదినంటే మళ్ళీ సరిచేశాడు కూడా. ఇక నేనే ఉయ్యాల విప్పి వంటింటి పక్కన కట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం బుడ్డోడి నుదురు వెచ్చగా తగిలింది. వదిన కూడా చెయ్యి పెట్టి చూసింది. "కొంచెం వెచ్చగా ఉందంతే, పొద్దున..." అని నన్ను చూసి ఆగిపోయింది. నేను అప్పటికే చెప్పులేసుకున్నాను. మా ఆయన వాళ్ళక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, అక్కడే నిలబడ్డాడు. వాణ్ణి భుజానేసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను.

మామూలు జలుబేనన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను.

"చూశావా, ఏం లేదుగా. ఊరికే హడావిడి" అంది వదిన.

నిజమే, ఏం లేదు. ఈసారి ఆ మాట డాక్టరు చెప్పాడు. గుండ్రాయప్పుడు వదిన చెప్పింది.