కండువా కట్టుకున్న గుండిగ

నేను ఒక గుండిగను. గిన్నె అన్నారంటే ఒళ్ళు మండుతుంది, ముందే చెబుతున్నాను! గిన్నెలు అటకెక్కేవి, అలమరలో సర్దుకునేవి. నన్ను కదపాలంటే బొంగుకి కట్టి ఇద్దరు మోయాలి. నా కడుపులో అన్నం ఉడికిందంటే వీధికి వీధి బంతిలో కూర్చోవాల్సిందే. ఇంత పెద్దదాన్ని నాకో యజమాని ఉండాలి కదా అంటారా? అక్కడే ఉంది కథంతా!

గోదావరి మధ్యలో ఉన్న లంక ఊరు మాది. చుట్టూ నీళ్ళు. పంటు ఎక్కితేగాని అవతలి గట్టు చేరలేరు. నేను పుట్టకముందు మా ఊళ్ళో పెళ్ళంటే అవతలి గట్టు మీది ఆసామి ఇంటికి వెళ్ళి, చేతులు కట్టుకుని, గుండిగ అడిగి తెచ్చుకునేవారట. ఒకసారి ఆ ఆసామి సరిగ్గా పెళ్ళినాడు "మా బావమరిదికి కావాలి, ఇవ్వను" అన్నాడు. ఇంకేముంది! అన్నం చిన్న చిన్న తపేలాల్లో వాయలు వాయలుగా వండారు. మొదటి బంతి చేతులు కడుక్కున్నా రెండో బంతికి అన్నం దిగలేదు. మగపెళ్ళివారు ఆ మాట చచ్చేదాకా దెప్పుతూనే ఉన్నారట.

ముత్యాలయ్య అనే పెద్దాయనకి ఆ రోజు రోషం వచ్చింది. గోనెసంచి భుజాన వేసుకుని గడపగడపకీ తిరిగాడు. "మనూరి అన్నం మన గుండిగలోనే ఉడకాల. పాత ఇత్తడి ఏదుంటే అది పడెయ్యండి" అన్నాడు. చిల్లుపడ్డ చెంబులు, వంకరపోయిన గరిటెలు, కాలు విరిగిన కుందులు, మూత పారేసుకున్న మరచెంబులు, అన్నీ సంచిలో పడ్డాయి. కామాయమ్మ అప్పటికి కొత్త కోడలు. ఆవిడ మాత్రం పుట్టింటివాళ్ళు పెళ్ళికి పెట్టిన చెంబు తెచ్చి ఇచ్చింది. తళతళలాడుతున్న చెంబు!

"ఇది బాగానే ఉంది గదమ్మా" అన్నాడు ముత్యాలయ్య.

"బాగున్నదే ఇయ్యాల బావగారూ. పనికిరానియ్యన్నీ పోగేత్తే గుండిగ కూడా పనికిరాకుండా పోద్ది" అంది ఆ పిల్ల.

ఆ మాట విన్నాక ఇద్దరు ముగ్గురు ఇళ్ళలోకి వెళ్ళి తాము ఇచ్చిన చిల్లుచెంబుకి తోడుగా మంచిదొకటి తెచ్చి పడేశారు. సిగ్గు మంచి పనులు చేయిస్తుంది మనుషుల చేత!

కంచరివాళ్ళు ఆ ఇత్తడంతా కొలిమిలో కరిగించి, సాగగొట్టి, నన్ను చేశారు. ఎన్ని దెబ్బలు తిన్నానో చెప్పను, మీకు జాలేస్తుంది. చివర్లో కంచరి ఉలి తీసి, "పేరేం కొట్టమంటారు?" అని అడిగాడు. అడగక ఏం చేస్తాడు! మనవాళ్ళు ఉప్పు గరిటె మీద కూడా పేరు కొట్టించుకుంటారు. ఉగ్గుగిన్నె మీద ఇంటిపేరుతో సహా ఉంటుంది. ముత్యాలయ్య మాత్రం అడ్డంగా తల ఊపాడు. "పేరొద్దు. పేరు పడితే ఒకడిదైపోద్ది" అన్నాడు.

నేను పంటు దిగిన రోజు ఊరంతా రేవుకి వచ్చింది. డప్పులు మోగాయి! హారతి ఇచ్చారు! నాకైతే కొత్త పెళ్ళికూతురు కాపురానికి వచ్చినట్టే ఉంది. ఆ రోజే కట్టుబాట్లు పెట్టుకున్నారు. చివరగా ఎవరింట్లో వంట జరిగిందో ఆ ఇంట్లోనే నేను ఉండాలి. తర్వాత కావలసినవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని అక్కడికి వచ్చి, నాకు బొట్టు పెట్టి, పెళ్ళికి పిలిచినట్టు పిలవాలి. సాగనంపేవాళ్ళు నాలో గుప్పెడు బియ్యం పోసి పంపాలి, ఖాళీగా పంపకూడదు. ఉన్నవాడింటికైనా లేనివాడింటికైనా ఒకటే బొట్టు, ఒకటే గుప్పెడు. చూశారా, తాళం లేదు, కాపలా లేదు, నేను మాత్రం ఎక్కడికీ పోలేదు!

ఎన్ని ఇళ్ళు తిరిగానని! పెళ్ళికీ నేనే, దినానికీ నేనే. వరద వచ్చి ఇళ్ళలో పొయ్యిలు మునిగితే మెరక మీద రాళ్ళు పేర్చి నన్ను ఎక్కించేవారు. ఎవరింట్లో ఏది ఉంటే అది తెచ్చి నాలో పడేసేవారు. ఆ కిచిడీ రుచి పెళ్ళిభోజనాల్లో కూడా రాలేదంటే నమ్మండి. మామూలు రోజుల్లో పొలం గట్టు జానెడు జరిగిందని తన్నుకునే ఇద్దరు ఆ రోజు నా చుట్టూ ఒకే గరిటె కోసం చేయి చాపేవారు. మర్నాడు నీళ్ళు తీయగానే మళ్ళీ గట్టు దగ్గరికే వెళ్ళేవారనుకోండి, అది వేరే సంగతి.

కాలం ఆగుతుందా! ముత్యాలయ్య పోయాడు. ఆయన దినం అన్నం నాలోనే ఉడికింది. కొడుకు గవర్రాజుకి తండ్రంటే ప్రాణం. కాస్త కోపిష్టి గానీ చెడ్డవాడు కాదు. అప్పటికి నా అడుగు అరిగిపోయింది, లోపలి కళాయి లేచిపోయింది. గవర్రాజు నన్ను కూలీల చేత అవతలి గట్టుకి మోయించుకెళ్ళి, అడుగుకి మాటు వేయించి, కళాయి పెట్టించాడు. బంగారంలా మెరిసిపోయాను! అక్కడితో ఆగితే ఎంత బావుండేది. పక్కనే పేర్లు కొట్టేవాడు కనబడ్డాడు. అంతే, గవర్రాజుకి తండ్రి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. నా భుజం మీద టకటకా కొట్టించేశాడు: "కీర్తిశేషులు ముత్యాలయ్యగారి జ్ఞాపకార్థం, కుమారుడు గవర్రాజు." తండ్రి పేరు ఎంత ఉందో కొడుకు పేరూ అంతే ఉంది!

నన్ను తెచ్చి తన సావిట్లో దింపించి, బొట్టు పెట్టేవాళ్ళ కోసం ఎదురుచూశాడు. నేనూ చూశాను. మాఘమాసం వచ్చింది, వెళ్ళింది. వైశాఖం వచ్చింది, వెళ్ళింది. ఊళ్ళో సన్నాయిలు మోగుతున్నాయి గానీ నా దగ్గరికి పురుగు కూడా రాలేదు! అందరూ పంటు మీద అద్దె గుండిగలు తెప్పించుకుంటున్నారు.

ఎందుకో మీకు అర్థమైంది కదా? కీర్తిశేషులని రాసి ఉన్న గుండిగలో పెళ్ళి అన్నం ఎవరు వండుతారండీ! ఊరందరికీ తెలుసు, గవర్రాజుకి తప్ప. కొడుకు ప్రేమగా కొట్టించుకున్న తండ్రి పేరుని అశుభమని మొహం మీద అనే నోరు ఎవరికుంది? గవర్రాజేమో, "ఊరు కోసం ఇంత చేశాను, ఒక్కడికీ విశ్వాసం లేదు" అని లోలోపల కుమిలిపోయాడు. నాకు ఆనించి ఉలవల బస్తా పెట్టారు. ఒక కోడి నాలో గుడ్లు కూడా పెట్టింది. నా బతుక్కి అదొక్కటే శుభకార్యం!

ఇంతలో శ్రావణం వచ్చింది. కామాయమ్మ మనవరాలు వీరవేణి పెళ్ళి కుదిరింది. కామాయమ్మ కొడుకు లేడు, పోయి చాలా కాలమైంది. కోడలు నూకరత్నం కూరగాయల పాదులు పెట్టి, తట్టలు మోసి, ఒంటిచేత్తో ఆ పిల్లని పెంచింది. మగపెళ్ళివారు ముందురోజే వచ్చి బడిలో విడిది దిగారు. బియ్యం, కూరలు అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. పెళ్ళినాటి ఉదయం పంటు మీద అద్దె గుండిగలు రావడమే తరువాయి.

తెల్లారేసరికి గోదారి ఎర్రగా పొంగింది. పంటు కట్టేశారు!

నూకరత్నం గట్టు మీద నిలబడి అవతలి ఒడ్డు కేసి చూస్తూ ఏడ్చేసిందట. మధ్యాహ్నానికి బంతి వేయకపోతే పిల్ల అత్తారింట్లో జీవితాంతం మాట పడాలి. పాత పెళ్ళి దెప్పులు మా ఊళ్ళో ఎవరు మర్చిపోయారు గనక!

అదిగో అప్పుడు, వానలో తడుస్తూ, కుంకుమ భరిణె కొంగున దోపుకుని, కర్ర పొడుచుకుంటూ కామాయమ్మ సావిట్లోకి వచ్చింది. నా గుండె ఝల్లుమంది!

"గవర్రాజూ! ఉన్నావంట్రా?"

"ఏంటి పిన్నీ, ఈ వానలో?"

"గుండిగని పిలవడానికొచ్చానురా."

గవర్రాజు మొహం వెలిగిపోయింది. అంతలో నూకరత్నం వెనకే పరుగెత్తుకొచ్చింది. "వద్దత్తా, నీకు దండం పెడతాను! కీర్తిశేషులని రాసున్న దాంట్లో పెళ్ళన్నం వండామంటే మగపెళ్ళోరు పీటల మీంచి లేచిపోతారు" అనేసి, ఎదురుగా గవర్రాజుని చూసి నాలుక కరుచుకుంది.

గవర్రాజు ఉలవల బస్తా మీద కూలబడ్డాడు. "అందుకా... అందుకేనా పిన్నీ, ఎవరూ రానిది?"

"మరి నీకెవరు చెబుతార్రా? బతికుండగా పేరొద్దన్నాడు మీ నాన్న. పోయాక నువ్వు కొట్టించావు" అంది కామాయమ్మ మెల్లగా.

గవర్రాజు ఒక్క ఉదుటున లేచి సుత్తి తెచ్చాడు. "ఇప్పుడే నలగ్గొట్టేత్తాను!" బాబోయ్! కొత్త మాటు, పాత ఒళ్ళు. ఒక్క దెబ్బ పడితే చీలిపోతాను. నా పని అయిపోయిందనుకున్నాను.

కామాయమ్మ కర్ర అడ్డం పెట్టింది. "ఆగరా! నా పెళ్ళిచెంబు కూడా అందులోనే ఉంది. పెళ్ళికి ముందు పెద్దలకి బట్టలు పెట్టుకుంటామా, లేదా? ఆళ్ళంతా కీర్తిశేషులు కాదంట్రా? బట్టలెట్టి పిలిచాక పెద్దలు పెళ్ళికొచ్చినట్టే. వచ్చిన పెద్దాయన అశుభం ఎలాగవుతాడు?"

ఆవిడ చంకలోని సంచిలోంచి కొత్త కండువా తీసింది. పొద్దున్నే కొడుకు ఫోటో ముందు పెట్టిన కండువా అది, పసుపు అంచులింకా ఆరలేదు. దాన్ని నా మెడ చుట్టూ, పేరు మీదుగా కట్టింది. "మా అబ్బాయీ మీరూ కలిసి రండి బావగారూ. పిల్లకి తండ్రి లేడు, మీరే నిలబడి అన్నం పెట్టించాల" అని నాకు బొట్టు పెట్టింది. నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకే కన్నీళ్ళుంటే కళాయంతా తడిసిపోయేది!

గవర్రాజు సుత్తి అవతల పారేశాడు. కోడిగుడ్లు తీసి పక్కన పెట్టాడు, తానే రుద్ది కడిగాడు, గుప్పెడు బియ్యం పోశాడు. బొంగుకి ఒక కొస తన భుజాన ఎత్తుకున్నాడు. ఆ మనిషి నన్ను మోయడం అదే మొదలు! బురదలో జారుతూ, "తప్పుకోండి, పెద్దాయనొత్తున్నాడు!" అని అరుస్తూ పరుగెత్తాడు. ఇళ్ళలోంచి జనం బిలబిలా బయటికొచ్చారు. ఒకరు కట్టెలు తెచ్చారు, ఒకరు గాడిపొయ్యి మీద తాటాకు పందిరి లాగారు. పొయ్యి రాజుకుంది. ఎన్నాళ్ళకి, ఎన్నాళ్ళకి నా అడుగున మంట! ఎసరు కుతకుతలాడుతుంటే పాట పాడేశాను!

సరిగ్గా అప్పుడు పెళ్ళికొడుకు నాయనమ్మ వంటసాల వైపు వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, "గుండిగకి కండువా ఏంటండీ, చోద్యం కాకపోతే!" అంది. అందరి చేతులూ ఆగిపోయాయి.

గవర్రాజు ముందుకొచ్చాడు. దాచలేదు, కండువా పైకెత్తి పేరు చూపించాడు. "మా నాన్నండి. ఊరందరి ఇత్తడీ అడుక్కుని ఈ గుండిగ చేయించాడు. పేరొద్దన్నాడు, నేనే బుద్ధిలేక కొట్టించాను. ఇయ్యాల బట్టలెట్టి పెళ్ళికి పిలిచారు. ఆడపెళ్ళివారి తరపున పెద్ద ఈయనేనండి."

ఆవిడ పేరు కేసీ కండువా కేసీ మార్చి మార్చి చూసింది. తర్వాత తన కుంకుమ భరిణె తీసి నాకు బొట్టు పెట్టింది. "మా ఊళ్ళో కార్యాలకి కూడా పంపుతారా పెద్దాయన్ని?" అంది. వంటసాల గొల్లుమంది! బంతి మీద బంతి లేచింది, అన్నం తరగలేదు.

ఆ తర్వాత ఎన్నో ఇళ్ళు తిరిగి, వీరవేణి సీమంతానికి వచ్చి, ఇప్పుడు మళ్ళీ నూకరత్నం అరుగు మీద ఉన్నాను. పేరు అలాగే ఉంది, పిలవడానికి వచ్చిన ప్రతివాళ్ళూ దాని మీద ఒక కొత్త కండువా కడుతున్నారు. కార్యం అయ్యాక ఆ కండువా వంటవాడికి పోతుంది. అందుకని మా ఊరి వంటవాళ్ళకి ముత్యాలయ్యంటే మహా భక్తి.

ఈ ఉదయం అరుగు ముందు చెప్పులు విడిచిన చప్పుడైంది. చూస్తే గవర్రాజు! కూతురి పెళ్ళట. చంకలో కండువా, చేతిలో భరిణె. తన తండ్రి పేరున్న గుండిగ కోసం, తట్టలు మోసే నూకరత్నం గడప ముందు ఊళ్ళో అందరిలాగే నిలబడి, "అమ్మా రత్నం, గుండిగని పిలవడానికొచ్చాను" అన్నాడు.

"లోపలికి రండి బావగారూ" అంటూ నూకరత్నం బియ్యం గుప్పిట పట్టుకుని వచ్చింది.