పైడిమెట్ట కౌన్సిలు గంట

నేను ఒక ఇత్తడి చేతిగంటను. ఎత్తు జానెడు, పిడి టేకుకర్ర. పైడిమెట్ట మునిసిపల్ కౌన్సిల్ హాలులో ఛైర్మన్ బల్ల మీద ముప్పయ్యారేళ్లు కూర్చున్నాను. ఆ భవనంలో అంతకాలం పదవిలో ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

నన్ను పోతపోసినవాడు కంచరి సింహాద్రి. నాలుగు పాత చెంబులు, సొట్టలు పడిన గంగాళం ఒకటి, ఎవరింటిదో పెట్రోమాక్సు లైటు అడుగుభాగం కరిగించి నన్ను తయారుచేశాడు. చల్లారాక ఒకసారి మోగించి, చెవి ఒగ్గి విని, "గొంతు కొద్దిగా బొంగురొచ్చింది. పరవానేదు, మునిసిపాల్టీకి సరిపోద్ది" అన్నాడు. మునిసిపాలిటీ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు గనక ఆ మాటను మెచ్చుకోలు అనుకున్నాను.

నన్ను మొదట చేతపట్టిన ఛైర్మన్ రామేశ్వరరావుగారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. పాత అలవాటు పోక, ఒకసారి సమావేశం మధ్యలో ఏదో ఆలోచిస్తూ నన్ను చాలాసేపు మోగించారు. ఇద్దరు కౌన్సిలర్లు కండువాలు సర్దుకుని లేచి ఇంటికి వెళ్లిపోయారు. ఆయన తరువాత వచ్చినాయన నన్ను ఐదేళ్లలో రెండుసార్లు కూడా మోగించలేదు. ఫ్యానుగాలికి కాగితాలు ఎగరకుండా నన్ను వాటి మీద పెట్టేవారు. కదలకుండా బరువుగా కూర్చోవడం కూడా ఒక సేవేనని అప్పుడు తెలుసుకున్నాను. కొందరు కౌన్సిలర్లు కూడా ఊరికి ఆ విధంగానే పనికొచ్చారు.

ఎందరి చేతులో మారి చివరికి సుగుణావతిగారి చేతికి వచ్చాను. ఆవిడ మునిసిపల్ ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు నర్సుగా పనిచేసి, రిటైరై, వార్డు జనం బలవంతం మీద పోటీచేసి గెలిచి ఛైర్‌పర్సన్ అయ్యారు. నన్ను పట్టుకోవడంలోనే ఆవిడ పద్ధతి తెలిసేది. థర్మామీటరు పట్టుకున్నట్టు పట్టుకునేవారు. ఒక్కసారి మోగించి, ఎదుటివాళ్ల ముఖాలు చూసి, మళ్లీ మోగించనవసరం లేదని దించేసేవారు.

ఆవిడ కాలంలోనే దాలమ్మను దగ్గరగా చూశాను. దాలమ్మ బజారువీధి ఊడ్చే మనిషి. ఇరవయ్యేళ్లకు పైగా అదే వీధి. యాభై రెండేళ్లుంటాయి. మాట నెమ్మది, నడక వేగం. పారిశుధ్య కార్మికులంతా ఆమెను తమ పెద్దగా ఎన్నుకున్నారు. మూడేళ్లకోసారి కౌన్సిలుకూ కార్మికులకూ మధ్య ఒప్పందం రాసుకునేవారు. ఏడాదికి రెండు జతల బట్టలు, చెప్పులు, నెలనెలా సబ్బులు, కొబ్బరినూనె. ఒప్పందం ఎన్నిసార్లు మారినా కార్మికులు అడిగే కోరికలు రెండు మాత్రం మారలేదు. వారానికి ఒకరోజు సెలవు ఒకటి, పని దిగాక ఒళ్లు కడుక్కోవడానికి కుళాయిలున్న గది ఒకటి. కాలువల్లో దిగి పనిచేసిన బట్టలతో బస్సెక్కితే పక్కవాళ్లు జరిగిపోయేవారు. టీకొట్టువాడు గ్లాసు దూరంగా పెట్టి తీసుకోమనేవాడు. ఆ గది ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. ప్రతి ఒప్పందంలోనూ కౌన్సిలు జవాబు ఒక్కటే: నిధులు లేవు. ఆ రెండు మాటలు విన్నన్నిసార్లు నేను నా పేరు కూడా వినలేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో బడ్జెట్ సమావేశం పెట్టారు. ఎజెండాలో రెండు అంశాలు పక్కపక్కన ఉన్నాయి. మొదటిది, ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టించడం. దాన్ని ప్రతిపాదించినవాడు తొమ్మిదో వార్డు కౌన్సిలర్ జగ్గారావు. ద్వారానికి తన తండ్రి పెద అప్పలస్వామిగారి పేరు పెట్టాలన్నది అతని కోరిక. రెండోది, మార్చితో ఒప్పందం ముగుస్తుంది గనక ఊడ్పు పని మొత్తం ఒక కాంట్రాక్టరుకు అప్పగించడం. ఆ కాంట్రాక్టరు పంపిన కాగితంలో యాభై దాటినవాళ్లను తీసుకోనని స్పష్టంగా ఉంది. ఎనభై నలుగురు కార్మికుల్లో ముప్పయి ఒక్కరు యాభై దాటినవాళ్లే. దాలమ్మ వాళ్లలో ఒకతె.

ఉదయం పని దిగి, కార్మికులంతా వచ్చి హాలు మెట్ల మీద కూర్చున్నారు. నినాదాలు లేవు. కిటికీలోంచి వాళ్ల దగ్గులు, గుసగుసలు వినపడుతున్నాయి.

కమిషనర్ ఫణీంద్ర లేచి, సాధారణ నిధి పరిస్థితి వివరించాడు. మంచివాడే, కాని కాగితం మీద లేనిదాన్ని నమ్మడు. "వారానికి ఒక సెలవు ఇస్తే ఆ మేరకు కొత్తవాళ్లను పెట్టాలి మేడమ్. దానికి అనుమతి రాదు. కాంట్రాక్టుకు ఇస్తే ఈ బాధ ఉండదు" అన్నాడు.

సుగుణావతిగారు ఆ మాట విని, "దాలమ్మని లోపలికి రమ్మనండి" అన్నారు.

"బయటివాళ్లు సభలో మాట్లాడే పద్ధతి లేదు మేడమ్" అన్నాడు జగ్గారావు.

"నీళ్ల పైపుల సంగతి వస్తే ఇంజనీరుగారిని పిలుస్తాం. వివరం చెప్పమంటాం. ఊడ్చే పనికి ఈవిడే ఇంజనీరు" అన్నారు ఆవిడ.

దాలమ్మ వచ్చింది. చేతిలో చీపురుపుల్లల కట్ట. ఛైర్‌పర్సన్ బల్ల ముందు నిలబడి, కట్ట విప్పి, నా పక్కనే పుల్లలు ఒకటొకటిగా పేర్చడం మొదలుపెట్టింది. వెనక ఎవరో నవ్వారు. ఆమె తలెత్తలేదు. లెక్క తప్పితే మళ్లీ మొదటికి వచ్చింది. రెండు నిమిషాలు గడిచాయి.

"ఇదేమన్నా ఆటా? టైము అయిపోతోంది. గంట కొట్టండి మేడమ్" అన్నాడు జగ్గారావు.

సుగుణావతిగారు నన్ను ఎత్తారు. నేను గొంతు సవరించుకున్నాను. నేను మోగితే దాలమ్మ పుల్లలు ఏరుకుని బయటికి వెళ్లిపోవాలి. ముప్పయ్యారేళ్లలో నా మోతకు నేనే భయపడిన రోజు అదొక్కటే. కాని ఆవిడ చూపుడువేలు నా లోపలికి వచ్చి నాలుకను గట్టిగా పట్టుకుంది. చెయ్యి ఊగింది, చప్పుడు రాలేదు. "కొట్టాను. గొంతు రాలేదు, పాతదైపోయింది" అని, నన్ను అలాగే ఒళ్లో పెట్టుకుని, "నువ్వు కానివ్వు దాలమ్మా" అన్నారు.

పుల్లలు ఏడు కుప్పలయ్యాయి.

"ఇయ్యి మేమండి. ఎనభై నలుగురం" అంది దాలమ్మ. "కుప్పకి పన్నెండుమంది. వారానికి ఏడు రోజులు. రోజుకో కుప్ప ఇంటికాడుంటాది. మిగిలిన డెబ్బై రెండు పుల్లలూ పనిలో ఉంటాయి."

"అదే కదమ్మా నేను చెప్పేది. రోజుకు పన్నెండుమంది తక్కువ పడతారు" అన్నాడు కమిషనర్.

"ఇప్పుడు రోజుకి ఎంతమంది వత్తన్నారు బావూ?"

కమిషనర్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ భాస్కర్ వైపు చూశాడు. భాస్కర్ హాజరుపట్టీ తెరిచి, వేలితో కిందికి జరిపాడు. "నిన్న డెబ్బై ఒకటి సార్. మొన్న డెబ్బై మూడు. అంతకుముందు… డెబ్బై."

"మిగతావోలేరి?" అంది దాలమ్మ.

"జ్వరాలు. నడుంనొప్పులు. ఒకళ్లకి చెయ్యి తెగింది" అన్నాడు భాస్కర్.

"అదే బావూ నాను సెప్పేది. మీరు సెలవివ్వకపోతే జొరం ఇత్తంది. జొరం ముందుగా సెప్పి రాదు గదా. అందుకే ఏ పొద్దు ఏ వీధి ఒగ్గీసినామో మాకూ తెలదు, మీకూ తెలదు. ఆ సెలవేదో మీరే ఇచ్చీసినారనుకోండి, ఎవులు వత్తారో ఎవులు రారో వారం ముందే తెలుత్తాది. మనుసులు ఆరోగ్యంగా ఉంటారు. కొత్తోలక్కర్లేదు."

కమిషనర్ పుల్లల దగ్గరికి వచ్చి, కుప్పలు తనే ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. జేబులోంచి కలం తీసి ఏదో రాసుకున్నాడు. కాగితం మీదికి ఎక్కింది గనక ఇక అతను నమ్మినట్టే.

మిగిలింది గది. దానికి నిధులు కావాలి. ఉన్న నిధులు స్వాగత ద్వారానికి పోతున్నాయి. అందరి చూపులూ జగ్గారావు మీదికి తిరిగాయి. అతని ముఖం ఎర్రబడింది.

"అంటే మా నాన్న పేరు చెరిపేసి వీళ్లకి స్నానాల గది కట్టాలా? ఈ ఊరికి మొదటి రైసుమిల్లు తెచ్చిన మనిషండీ ఆయన. పోయి పదకొండేళ్లయింది. ఒక వీధికి కూడా ఆయన పేరు లేదు" అన్నాడు. అంతదాకా అతన్ని గర్విష్ఠి అనుకున్నాను. తండ్రి కోసం బెంగపడుతున్న కొడుకని అప్పుడు తెలిసింది.

సుగుణావతిగారు నోరు తెరిచేలోగా దాలమ్మే మాట్లాడింది.

"పెద్దబావుగారిని నాను ఎరుగుదును బావూ. మిల్లు ముందు ఊడిసేదాన్ని. పేరు సెరపమని నాననను. కమాను మీద రాత్తే లారీలోలు సదూతారు, సదివీసి ఎల్లిపోతారు. గదికి పేరెడితే ఎనభై నలుగురం రోజూ ఆ పేరే తలుత్తాం. ఏ మనువడో అడిగితే, అప్పలసామి బావుగారి గదికి ఎల్లొత్తన్నాననీసి సెప్తాం."

జగ్గారావు ఎజెండా కాగితంలో తండ్రి పేరు మీద వేలు పెట్టాడు. తరువాత, "ఆయన ఏమంటారో…" అని తనలో తనే అనుకున్నట్టు అని, "అక్షరాలు పెద్దవి వెయ్యాలి. దూరం నుంచి కనపడాలి" అన్నాడు.

"బస్సులోంచి కనపడేలా వేయిద్దాం" అన్నారు సుగుణావతిగారు.

ఇరవై ఎనిమిది మంది కౌన్సిలర్లలో పంతొమ్మిది మంది సెలవుకూ గదికీ ఒప్పుకుని చేతులు ఎత్తారు. వాటిలో జగ్గారావు చెయ్యి కూడా ఉంది. కాంట్రాక్టరు కాగితం పక్కకు పోయింది. తరువాతి సోమవారం కొత్త ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాలమ్మ సంతకం నెమ్మదిగా, ఒక్కో అక్షరం ఊడ్చి శుభ్రం చేసినట్టుగా పెట్టింది.

ఒప్పందం అయినంత సులువుగా ఫైలు కదలలేదు. అది అంతస్తులెక్కి దిగి, టెండరై, గోడలై, కుళాయిలై వచ్చేసరికి వానాకాలం సగం గడిచింది. ఈలోగా కౌన్సిల్ హాలుకు కొత్త మైకులు వచ్చాయి. మీట నొక్కితే కూత వస్తుంది, అందరి మైకులూ మూగబోతాయి. నన్ను పాత కుర్చీలతోపాటు వేలం సామాన్ల జాబితాలో రాశారు. సుగుణావతిగారు ఆ జాబితా చూసి నా పేరు కొట్టేసి, పక్కన 'కార్మికుల గదికి' అని రాశారు. ఇప్పుడు నేను పెద అప్పలస్వామి విశ్రాంతి గదిలో, అలమారు మీద ఉన్నాను. హాజరు వేళకు భాస్కర్ నన్ను మోగిస్తాడు. నా బొంగురు గొంతును ఇక్కడ ఎవరూ తప్పుపట్టలేదు.

వారం సెలవు కూడా అదే ఫైలులో ఉండటంతో గది తెరిచిన నాటి నుంచే మొదలైంది. మొదటి వంతు గురువారం వాళ్లది. ఆ పన్నెండుమందిలో దాలమ్మ ఉంది. గురువారం పొద్దున్నే తలుపు తోసుకుని వచ్చింది. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు, చేతిలో చీపురు లేదు.

"ఇవాళ నీకు సెలవు కదా" అన్నాడు భాస్కర్.

"తెలుసు బావూ. ఇంటికాడ ఏటి సెయ్యాలో తెలక వచ్చీసినాను."

కాసేపట్లో మిగిలిన పదకొండుమందీ ఒక్కొక్కరే అలాగే వచ్చారు. అందరూ కొత్తగా పెళ్లివారింటికి వచ్చినవాళ్లలా బల్లల మీద ఒద్దికగా కూర్చున్నారు. చివరికి ఎవరో సినిమా అన్నారు. బజారువీధి చివర ఉన్న ఏసీ హాలు ముందు వాళ్లంతా ఏళ్ల తరబడి చిరిగిన టికెట్టు ముక్కలు ఊడ్చినవాళ్లే, లోపలికి మాత్రం ఎన్నడూ వెళ్లలేదు. పన్నెండుమందీ కలిసి మధ్యాహ్నం ఆటకు వెళ్లారు.

సాయంత్రం అందరూ మళ్లీ గదికే వచ్చి, కుళాయిల దగ్గర ముఖాలు కడుక్కున్నారు. ముఖాల్లో ఏదో సిగ్గు.

"సినిమా ఎలా ఉంది?" అన్నాడు భాస్కర్.

"పేర్లు పడ్డవరకే తెలుసు బావూ" అంది దాలమ్మ. "ఆ సల్లగాలికి పన్నెండుమందిమీ నిద్దరోయినాం. లైట్లేసినాక హాలోడొచ్చి లేపినాడు. అంత మంచి నిద్దర నాను పుట్టాక ఎరగను."

భాస్కర్ నవ్వాపుకుంటూ, "మరి టికెట్టు డబ్బులు దండగే కదా" అన్నాడు.

"దండగేటి? వచ్చే గురువారం మళ్లీ దానికే ఎల్తాం. ఏటైనాదో తెలాల గదా" అంది దాలమ్మ, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ.